అడ్డొచ్చిన పదవి

ఆ పొద్దుట లమార్ విట్లో తన ఆఫీసు కుర్చీలో ముళ్ళపీట మీద ఉన్నట్టు కూర్చున్నాడు. లేచి కింద బాస్కెట్‌బాల్ ప్రాక్టీసు కోర్టుకి వెళ్ళాడు. సీజను ముగిసింది, అక్కడ ఎవరూ లేరు. నేల మీద గీసిన గీతల వెంబడి కాసేపు తిరిగి, ఎందుకు వచ్చాడో తెలియక మళ్ళీ మెట్లెక్కాడు.

టకోమా జట్టు అతన్ని, ఆటగాళ్ళ విషయంలో ఆఖరి నిర్ణయం తీసుకునే జనరల్ మేనేజరుగా తీసుకోవాలనుకుంటోంది. అక్కడున్న స్నేహితుడొకడు ఆ సంగతి చెవిన వేశాడు. "మా ఓనరు మీ పెద్దాయనకి ఫోన్ చేశాడు. నిన్ను మాతో మాట్లాడనివ్వమని అడిగాడు."

పెద్దాయన అంటే రస్ హేగెడోర్న్, సిన్సినాటి జట్టు అధ్యక్షుడు. ఆయన కోచింగ్ మానేసి ఎన్నాళ్ళో అయినా అందరూ కోచ్ అనే పిలుస్తారు. పొద్దుటి నుంచీ లమార్‌కి రెండుసార్లు ఎదురుపడి, రెండుసార్లూ వాన గురించే మాట్లాడాడు.

లమార్ ఈ జట్టులో మొదట చీకటి గదిలో ఆటల వీడియోలు కత్తిరించేవాడు. తర్వాత కుర్రాళ్ళని వెతుకుతూ కాలేజీల చుట్టూ తిరిగాడు. చివరికి అసిస్టెంట్ జనరల్ మేనేజరయ్యాడు, అక్కడే ఆగిపోయాడు. పై కుర్చీ చాలాకాలంగా ఖాళీయే. కోచ్ దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. లమార్ ఆలోచించినవి కోచ్ నోట తీర్పులయ్యేవి. ఇది అన్యాయమని లమార్ ఎప్పుడూ అనుకోలేదు. అలా అనుకోకపోవడమే ఈమధ్య అతన్ని నిద్రపోనివ్వడం లేదు.

మధ్యాహ్నం కోచ్ అందర్నీ భోజనాల గదికి పిలిపించాడు. స్పగెట్టీ, దాని మీద చిల్లీ అనే ఖీమా కూర, ఆ పైన కొండంత చీజ్. అందరూ పళ్ళేలు పట్టుకుని నిలబడ్డాక, కోచ్ లమార్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈ అబ్బాయి ఇవాళ్టి నుంచి మన జనరల్ మేనేజరు!"

చప్పట్లు మోగాయి. ఆటగాళ్ళ ఎంపిక చూసే ఒడెట్ ఈల వేసింది. "ఇక నీతో మాట్లాడాలంటే అపాయింట్‌మెంటు తీసుకోవాలేమిటయ్యా?"

లమార్ నవ్వాడు. కళ్ళు చెమర్చాయి కూడా. ఆ సంతోషం నిజమైనదే. అందుకే, ఒక్క క్షణం తర్వాత విషయం బోధపడినప్పుడు, ముందుగా సిగ్గేసింది.

ఈ లీగులో ఒక ఆనవాయితీ ఉంది. వేరే జట్టు మన మనిషిని పై పదవికి పిలిస్తే పోనివ్వాలి. ఉన్న పదవికే పిలిస్తే కుదరదనొచ్చు. ఇప్పుడు టకోమా ఇస్తానన్నదీ ఆ ఉన్న పదవే.

కోచ్ తన గదికి వెళ్ళేదాకా ఆగి, లమార్ వెనకే వెళ్ళి తలుపు మూశాడు.

"టకోమా వాళ్ళు ఫోన్ చేశారా కోచ్?"

"చేశారు."

"ఏమన్నారు?"

"మీ అసిస్టెంటుతో మాట్లాడొచ్చా అన్నారు. సాయంత్రం చెప్తానన్నాను. సాయంత్రానికి నా దగ్గర అసిస్టెంటే లేడు, ఏం చెయ్యను?" కోచ్ నవ్వాడు. లమార్ నవ్వకపోయేసరికి కిటికీ వైపు తిరిగాడు. "వాళ్ళు ఇస్తానన్నదే కదరా నేనూ ఇచ్చాను. ఇంకేం కావాలి?"

"మీరు ఇచ్చింది పేరు. నిర్ణయాలు ఎవరివి?"

"మనవి."

ఆ మాట కోచ్ నిజంగా నమ్మే అన్నాడు. లమార్‌కి అది అర్థమైంది. ఈయన మోసగాడైతే ఎంత బాగుండేది! కోపం తెచ్చుకుని పోవచ్చు. ఈయన తనని ప్రేమగానే కట్టేస్తున్నాడు. తనలో ఒకడు ఆ తాడు మెడకి చుట్టుకుని హాయిగా పడుకోవాలనుకుంటున్నాడు. ఆ ఒకడే లమార్‌కి భయం.

గది దాటి భోజనాల దగ్గరికి నడిచాడు. కోచ్ వెనకాలే వచ్చాడు.

"ఒక్క మాట," అన్నాడు లమార్. "ఆ పదవి నేను తీసుకోవడం లేదు. నేనింకా అసిస్టెంటునే."

ఎవరో నవ్వారు. "చిల్లీ అరగలేదా ఏమిటి?" అంది ఒడెట్. అతని ముఖం చూసి ఆమే గరిటె కింద పెట్టింది.

అందరి చూపూ కోచ్ మీదికి మళ్ళింది. ఆయన మెడ ఎర్రబడింది. జేబులోంచి ఫోన్ తీసి, దూరంగా పెట్టుకుని కళ్ళు చికిలించి టకోమా నంబరు నొక్కాడు.

"హేగెడోర్న్‌ని. ఆ... మాట్లాడుకోండి. అసిస్టెంటేనట, వాడే చెప్తున్నాడు."

గది ఒక్కొక్కరుగా ఖాళీ అయింది. ఇద్దరే మిగిలారు. గెలిచినట్టు ఉంటుందనుకున్నాడు లమార్. మెట్టు తప్పి గాలిలో కాలు వేసినట్టుంది. అవతల ఆ ఉద్యోగం తనకే వస్తుందని ఎవరు చెప్పారు? తనకి కావాల్సింది టకోమాయా, లేక ఇక్కడ ఉండకపోవడమేనా?

కోచ్ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

"సరే పోతావులే. వచ్చే నెల డ్రాఫ్టులో కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే మన వంతు వచ్చేసరికి ఎవర్ని తీసుకోమంటావు? ఆ ఒక్కటీ చెప్పి పోరా."

పేరు లమార్ నాలుక చివరే ఉంది. డకోటాలో ఒక చిన్న కాలేజీ కుర్రాడు, ఎవరి కంటా పడనివాడు. చలికాలమంతా తిరిగి పట్టుకున్నాడు. నోరు తెరిచాడు.

"ఇంకా తేల్చుకోలేదు కోచ్," అన్నాడు.

ఆయనతో అతను ఆడిన మొదటి అబద్ధం అది. కోచ్ అతని వైపు చూసి, తెలిసిందన్నట్టు మెల్లగా తలూపాడు.