దేముడమ్మ తలుపు

ఫోను మోగేసరికి చందన పప్పులోకి పోపు పెడుతోంది. తెర మీద మనీష్ పేరు కనపడగానే, చూసేవాళ్ళెవరూ లేకపోయినా, ముందు జుట్టు సర్దుకుంది. కొత్త పెళ్ళికూతురికి మొగుడి ఫోనంటే మొగుడు వచ్చినట్టే. పొయ్యి కట్టేసి, గరిటె చేత్తో పట్టుకునే ఫోను చెవికి ఆనించుకుంది.

"చందూ, అయిపోయింది."

"ఏటి అయిపోయింది?"

"పర్మినెంట్ అయిపోయినట్టే. సార్ ఇప్పుడే లోపలికి పిలిచి చెప్పారు. మన వీధి కాంట్రాక్టులే నన్ను నిలబెట్టాయి. నీ పేరంటం చలవ."

చందన గరిటెతో సహా ఒక్క గెంతు గెంతింది. ఆ వంటింట్లో రెండో గెంతుకి చోటు లేదు. ఇద్దరూ బరంపురంలో కాపురం పెట్టి కొన్న నీలం బకెట్టు, రంగురంగుల పప్పుడబ్బాలు, ఒకదానికొకటి సరిపోని రెండు టీ కప్పులు, అన్నీ ఆ క్షణాన ఇక కదలక్కర్లేదన్నట్టు ఆమెకేసి చూస్తున్నాయనిపించింది. డాబా మీద రెండు కుర్చీలు వేసుకోవాలి. ఆదివారం గోపాల్‌పూర్ వెళ్ళి సముద్రంలో కాళ్ళు తడుపుకోవాలి.

"కాగితం చేతికి ఇచ్చేశారా?" అని అడిగింది.

"రేపు సాయంత్రం ఇస్తారు. మన వీధి వాళ్ళకి రద్దు గడువు రేపటితో సరి. ఈ లోగా వద్దనుకుంటే ఒక్క సంతకం పెట్టి వెనక్కిచ్చేయొచ్చు. దాటిందంటే మూడేళ్ళు కదలదు. ఒక్క ఇల్లు తగ్గినా నా లెక్క తప్పుతుంది గానీ, ఎవరు వద్దంటారులే. వచ్చేటప్పుడు ఛెనాపోడ మిఠాయి తెస్తాను."

ఎవరు వద్దంటారులే అన్న దగ్గర చందన పాదాలు నేలకి ఆనాయి. ఫోను పెట్టేశాక పొయ్యి వెలిగించింది. ఆవాలు అప్పటికే మాడిపోయి ఉన్నాయి.

మనీష్ పని ఇంటింటికీ తిరిగి కెమెరాలు, తలుపు అలారాలు అమ్మడం. బడా బజార్‌లో ఆఫీసు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరేవాడు. సాయంత్రానికి ఆ చొక్కాతో పాటు మొహమూ నలిగి వచ్చేది. కొందరు కిటికీలోంచే వద్దని చెయ్యి ఊపేవారు. కొందరు మంచినీళ్ళిచ్చి, కబుర్లు చెప్పి, సంతకం దగ్గరకొచ్చేసరికి పెద్దవాళ్ళనడగాలనేవారు. "నా కంటే సబ్బులమ్మేవాడు నయం, వాడి సబ్బుకి వాసనైనా ఉంటుంది" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేకపోయేది చందన.

అంతలో శ్రావణ శుక్రవారం వచ్చింది. అత్తవారిది పల్లెటూరు, కన్నవారిది దిగపహండి. కొత్త కోడలు మొదటి పేరంటం ఉన్నచోటే చేసుకోవాలని ఇద్దరు తల్లులూ ఫోన్లో తీర్మానించారు. చందన కుంకుమ భరిణె పట్టుకుని వీధంతా తిరిగి తెలుగిళ్ళలో ఆడవాళ్ళని బొట్టు పెట్టి పిలిచింది. కొత్త కోడలు బొట్టు పెట్టి పిలిచాక రానంటే ఆ వీధిలో తప్పు. అందరూ వచ్చారు. పాదాలకి పసుపు రాయించుకున్నారు. శనగలు ఒళ్ళో వేసుకుని చాప మీద కూర్చున్నారు.

తాంబూలాల పళ్ళెం పక్కన చందన కెమెరా డబ్బా ఒకటి పెట్టింది. ఎవరైనా అదేమిటని అడిగితే రెండు మాటలు చెబుదామనే అనుకుంది. ఎవరూ అడగలేదు. కబుర్లు చీరల మీదకీ వాన మీదకీ పోతున్నాయి. వీళ్ళు లేచి వెళ్ళిపోతే రేపు మళ్ళీ మనీష్ ఆ మొహంతోనే వస్తాడు. అప్పుడు ఆమె నోట్లోంచి ఆ మాట వచ్చింది.

"మొన్న వెనక వీధిలో దొంగలు పడ్డారట, తెలుసా పిన్నీ?"

పడలేదు. వెనక వీధిలో ఎవరిదో సైకిలు ఒక పూట కనపడలేదు. మర్నాడు సొంత తమ్ముడి దగ్గరే ఉందని తేలింది. పాలవాడు నవ్వుతూ చెప్పిన సంగతది. కానీ ఆ మాటకి శనగలు నమిలే నోళ్ళన్నీ ఆగాయి. అన్ని కళ్ళూ తనవైపు తిరిగేసరికి చందనకి ఊపొచ్చింది. "మగవాళ్ళు ఊళ్ళో లేని ఇళ్ళే చూసుకుంటున్నారట" అని కూడా చేర్చింది. అందరూ దేముడమ్మ వైపు చూశారు. దేముడమ్మ మొగుడు సూరత్‌లో మగ్గాల మిల్లులో పని చేస్తాడు.

బయట అరుగు మీదున్న మనీష్‌ని లోపలికి పిలవడమే తరువాయి. దేముడమ్మ ఒళ్ళో వాయనం ఉండగానే తన ఫోన్లోకొచ్చిన ఓటీపీ అంకెలు అతనికి చదివి చెప్పింది. "వాయనంతో పాటు ఇదీ పుచ్చుకోవాలేటమ్మీ" అని నవ్వింది కూడా. అందరికంటే ముందు ఆమే. ఆమె వెనకే మిగతావాళ్ళు.

పప్పు మళ్ళీ పోపు పెట్టి దించి, చందన ఒక గిన్నెలో పంచదార వేసుకుంది. మంచి వార్త వస్తే నోరు తీపి చేయించి చెప్పడం అలవాటు. ముందు దేముడమ్మకే చెప్పాలి. పేరంటం అయిన దగ్గర్నుంచీ ఆ ఇంటి ముందు తల దించుకుని నడుస్తోందన్న సంగతి చందన తనకి తాను కూడా ఒప్పుకోలేదు. ఇవాళ తలెత్తి వెళ్తే అంతా సర్దుకుంటుందనుకుంది.

దేముడమ్మ ఇంటికి పగలు తలుపు వేయడమనేది ఉండేది కాదు. ఆమె అప్పడాలు చేయించి బజారు కొట్లకి వేస్తుంది. వీధిలో ఆడవాళ్ళు వంట ముగించుకుని ఎవరి పీటా కర్రా వాళ్ళు తెచ్చుకుని ఆమె వసారాలో చేరతారు. లోపల పిండి దంచే చప్పుడు, బయట గాజుల చప్పుడు, వీధి చివరిదాకా ఇంగువ వాసన. చందన ఈ వీధిలో దిగిన రోజున ఆ వాసన పట్టుకునే తమ ఇంటి అడ్రసు గుర్తుపెట్టుకుంది.

ఇవాళ వాసన లేదు. వసారా ఖాళీ. గుమ్మం పైన కెమెరాకి ఎర్రదీపం వెలుగుతోంది. తలుపు గట్టిగా మూసి ఉంది.

ఎదురింటి మెట్ల మీద తులసి బియ్యం ఏరుకుంటోంది. నిన్నమొన్నటిదాకా ఆ వసారాలో అందరికంటే ఎక్కువ అప్పడాలు ఒత్తేది ఆమే.

"ఎల్లు ఎల్లు, కోడలు పిల్లా. నువ్వైతే ఎల్లొచ్చు, మీదే గదా ఆ కన్ను" అంది.

"మీరెవరూ రావట్లేదేంటి తులసక్కా?"

"ఏటొస్తాం? సీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, కాలు సాపుకుని కూకుంటాం. అదంతా ఎవడో ఫోన్లో సూడాలేటి? లోపలికెల్తే పీపీ, బయటికొస్తే పీపీ. పిండి తేడానికి నాలుగుసార్లు తిరిగితే వీధంతా పరిగెత్తుకొచ్చింది, చోర్ చోర్ అని."

చందన తలుపు తట్టింది. లోపల ఒక గడియ తీసిన చప్పుడు, మళ్ళీ ఇంకో గడియ. తలుపు తెరవగానే అలారం కీచుమని ఏడుపందుకుంది. దేముడమ్మ ఫోను తీసుకుని ఎక్కడ నొక్కాలో తెలీక అన్ని చోట్లా నొక్కింది. చందనే దాన్ని ఆపింది.

"నువ్వా అమ్మీ. రా. వేగిరం రా, తలుపేసీయాల."

గదిలో చీకటిగా ఉంది. మూలన గిన్నెలో పిండిముద్ద మీద తడిగుడ్డ ఎండి అట్టకట్టింది. మంచం పక్కన గోడకి రోకలి ఆనించి ఉంది. దంచే చోట ఉండాల్సిన రోకలి మంచం దగ్గర ఎందుకుందో చందన అడగలేదు. అడక్కుండానే తెలిసింది.

పంచదార చేతిలో పోసి మనీష్ సంగతి చెప్పింది. దేముడమ్మ మొహం నిజంగానే విప్పారింది. పంచదార నోట్లో వేసుకుని, చందన గెడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

"సల్లగుండండి. నువ్వు ఆ మాట సెప్పకపోతే నాను ఏటైపోదునో తల్లీ. ఒళ్ళంతా నూనె రాసుకుని వొస్తన్నారంట గదా."

"ఎవరు?"

"దొంగలే. పట్టుకుంటే జారిపోతారంట. కుక్కలకి ఏదో ఎట్టి నిద్దరపుచ్చుతారంట."

"అదంతా ఎవరు చెప్పారు పిన్నీ?"

"అందరూ సెప్తన్నారు. నువ్వే గదా ముందు సెప్పినావు."

చందన గిన్నె అడుగున మిగిలిన పంచదార పలుకులని వేలితో ఒకవైపుకి నెట్టింది. లేచి వెళ్ళిపోదామనుకుంది. రేపటి సాయంత్రం దాకా నోరు మూసుకుంటే చాలు, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. అలా అనుకున్నందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

"మీ బాబాయి కూడా సూరత్ నుంచి వొచ్చేస్తన్నాడు" అంది దేముడమ్మ. "నిన్న ఫోన్లో ఏడిసీసినాను. నా ఒక్కదానికీ నిద్దర పట్టట్లేదని. మిల్లులో మానీసి వొచ్చేస్తానన్నాడు. ఇక్కడేటి సేస్తాడో మరి. అప్పడాలూ ఆగిపోనాయి. పోనీలే, పేనాలు గొప్పవి గదా."

"పిన్నీ, బాబాయిని రావద్దను."

"అదేటి?"

"దొంగలు పడలేదు. వెనక వీధిలో ఎవరిదో సైకిలు ఒక పూట కనపడలేదంతే. వాళ్ళ తమ్ముడే పట్టుకెళ్ళాడు. నేనే అలా చెప్పాను."

దేముడమ్మ ఆమె మొహంలోకి చూసింది. "మరి నూనె?" అంది.

"నూనె కూడా లేదు పిన్నీ."

బయట తులసి చేటతో బియ్యం చెరుగుతున్న చప్పుడు తలుపు సందులోంచి వినిపిస్తోంది. దేముడమ్మ లేచి రోకలి తీసి మూలన పెట్టింది. మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆమె తిడితే బాగుండునని చందన ఎదురుచూసింది. తిట్టలేదు.

"ఎందుకలాగన్నావు?"

"ఎవరూ తీసుకోవట్లేదు. ఆయన రోజూ ఉత్తచేతులతో వస్తుంటే చూడలేక."

"బొట్టెట్టి పిలిసినావు. వాయనమిచ్చినావు. మా ఆయన కోసం ఇది తీసుకో పిన్నీ అని అడిగితే కాదందునా? అడిగుంటే సరిపోయేది గదే. భయపెట్టడమెందుకు?"

చందనకి డిగ్రీలో ఎన్ని పరీక్షలు రాసినా ఇంత సులువైన ప్రశ్నకి ఇలా తెల్లకాగితం ఇచ్చిన గుర్తు లేదు.

"రేపటిలోగా వద్దనొచ్చు పిన్నీ. ఆఫీసుకెళ్ళి సంతకం పెడితే వాళ్ళే వచ్చి తీసుకుపోతారు. నెలనెలా నీ ఖాతాలోంచి కోసుకోవడం ఉండదు. ఎల్లుండైతే అవదు."

"నాను వొద్దంటే మీ ఆయనకి?"

చందన తల దించుకుంది. "ఒక్కటి తగ్గినా పర్మినెంట్ చెయ్యరు."

దేముడమ్మ చేతికంటిన పంచదారని చీర కొంగుకి తుడుచుకుంది. "నీ మొగుడి పని పోవాలని నాను కోరుకోను. కానీ అమ్మీ, నా మొగుడిక్కూడా పనుంది. నాకొద్దు, తీయించీ."

చందన తల ఊపి లేచింది. తలుపు తీయగానే అలారం మళ్ళీ కీచుమంది. ఈసారి దేముడమ్మ ఫోను వెతుక్కోలేదు. తలుపు అలాగే బార్లా తెరిచి, అది అరిచినంతసేపూ గుమ్మంలో నిలబడింది.

సాయంత్రం మనీష్ ఈల వేస్తూ వచ్చాడు. చేతిలో ఆకు చుట్టిన ఛెనాపోడ. మాడిన పంచదార వాసన అతని కంటే ముందు ఇంట్లోకొచ్చింది. ఇంకో రోజైతే చందన వాకిట్లోనే పొట్లం విప్పేది. ఇవాళ అతను ఒక బూటు విప్పేలోగానే అంతా చెప్పేసింది. బూట్లు రెండూ విప్పేదాకా ఆగితే, అన్నం పెట్టేదాకా ఆగాలనిపిస్తుందనీ, అన్నం పెడితే ఇక చెప్పలేననీ ఆమెకి తెలుసు.

మనీష్ ఒంటి బూటుతో గడప మీద కూలబడ్డాడు.

"దొంగలు పడలేదా?"

"లేదు."

"నేను గేటు బజార్ వైపు ఇళ్ళన్నిట్లోనూ అదే చెప్పానే. మా వెనక వీధిలోనే పడ్డారండీ అని. మా ఆవిడ చెప్పిందని కూడా అన్నాను."

ఆ సంగతి చందనకి తెలియదు. గోడకి ఆనుకుని ఆమె కూడా కింద కూర్చుంది. తను విసిరిన మాట ఇతని చొక్కా జేబులో కూర్చుని ఊరంతా తిరిగిందన్నమాట.

"కోపమొచ్చిందా?" అని అడిగింది.

"వచ్చింది. ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచాను. అమ్మకి ఫోన్ చేశాను." అతను బూటు లేసు వేలికి చుట్టి విప్పాడు. "ఎల్లుండి చెప్పొచ్చు కదా చందూ. ఒక్క రోజు. కాగితం చేతికొచ్చాక పిన్నికి నెలనెలా మనమే కట్టేసేవాళ్ళం."

"కడితే? ఆ ఎర్రదీపం ఆవిడ గుమ్మం మీద మూడేళ్ళుంటుంది. తులసక్క మెట్టెక్కదు. బాబాయి మిల్లు మానేసి వస్తాడు." ఆమె పొట్లాన్ని పక్కకి జరిపింది. "మీరు పర్మినెంట్ అయ్యారని నేను గెంతాను తెలుసా. గరిటెతో సహా గెంతాను. మళ్ళీ అలా గెంతాలని నాకూ ఉంది."

మనీష్ నవ్వలేదు. రెండో బూటు విప్పి మూలన పెట్టాడు. "సార్ ఏమంటారో నాకు తెలీదు. మళ్ళీ మొదటి నుంచి తిరగమంటారో, అసలు రావద్దంటారో."

"తెలుసు."

"మిగతా ఇళ్ళ వాళ్ళు కూడా వద్దంటే?"

"అననీ. నిజం తెలిశాక కూడా కావాలన్నవాళ్ళు ఉంచుకుంటారు. వాళ్ళే లెక్క."

 పొట్లం చల్లారిపోయింది. చివరికి అతను, "ఆఫీసు తొమ్మిదిన్నరకి తీస్తారు" అన్నాడు, గోడకేసి చూస్తూ.

"అయితే రేపు మీరు ముందెళ్ళిపోండి, మాతో వస్తే మీరే తీసుకొచ్చారంటారు" అంది చందన. "తెల్లారగానే నేను వీధంతా తిరుగుతాను. ఇంటింటికీ వెళ్ళి దొంగలు లేరని నా నోటితోనే చెప్తాను, వద్దనుకునేవాళ్ళని కూడా రమ్మంటాను. తొమ్మిదింటికి పిన్నీ నేనూ ఆటో ఎక్కుతాం. సంతకం అయ్యాక, మధ్యాహ్నం మీరు చెప్పిన గేటు బజార్ ఇళ్ళకి ఇద్దరం కలిసి వెళ్దాం."