ఐదో బెంచీ మీది మోటర్

సదానందానికి ఇంకా పందొమ్మిది రోజుల నౌకరీ ఉంది. రమ ఆ రోజులు లెక్కపెట్టుకుంటూ నీళ్ళలోకి దిగుతోంది.

పదకొండేళ్ళ కింద, గోదావరిఖని పక్కన పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో ఆమె తండ్రి ఎల్లేశం వాననీళ్ళు తోడే మోటర్ మీద డ్యూటీ చేసేవాడు. ఫోర్‌మన్ సదానందం డ్యూటీ ఎగ్గొట్టి పెళ్ళికి పోయిన రోజే ముసురు పట్టింది. తెప్పకు కట్టిన మోటర్ని పైకి లాగించేవాడు లేక అది తెప్పతో సహా మునిగింది. తిరిగొచ్చిన సదానందం, తప్పు తన మెడకు చుట్టుకుంటుందని, ఎల్లేశం దాన్ని పాత ఇనుముకు అమ్ముకున్నాడని రాసిచ్చాడు. ఎల్లేశానికి నౌకరీ పోయింది, క్వార్టర్ పోయింది. బడిలో రమను మోటర్ దొంగ బిడ్డ అన్నారు. బొగ్గు మసి నయం, సబ్బు పెడితే పోతుంది.

ఆ నీళ్ళు తోడకముందే గని మూతపడి ఎనభై అడుగుల నీళ్ళు నిలిచాయి. రమ వరదల్లో కొట్టుకుపోయినవాళ్ళను వెతికే దళంలో చేరింది. ఎంత సేవాగుణమో అని ఊరంతా మెచ్చుకుంది. సేవ లేదు, గాడిద గుడ్డూ లేదు. ఆమెకు కావలసింది ఆ మోటర్. శిక్షణకు ఆ గుంతే మంచిదని పట్టుబట్టిందీ ఆమే.

నేర్పేవాడు హమీద్, ఓడరేవులో ముప్పైయేళ్ళు నీళ్ళ కింద పనిచేసి వచ్చినవాడు. అడుగున చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. ఒక బరువు దించి, దానికి కట్టిన తాడు పట్టుకుని చుట్టూ తిరుగుతూ బురదంతా తడమాలి. ఒక చుట్టు కాగానే గజం తాడు వదిలి ఇంకో చుట్టు. రమకు అంత ఓపిక ఎక్కడిది? తాడు విడిచి తోచిన దిక్కుకు పోయేది. అందరికీ నలభై నిమిషాలు వచ్చే గాలి సిలిండర్ ఆమెకు ఇరవైకే అయిపోయేది.

"గాలి పీలుస్తున్నవా, తాగుతున్నవా బేటీ? గుస్సాతోటి దిగితె గాలి జల్ది ఖతమైతది. నీ దుష్మన్‌ని ఒడ్డుమీద కూసోబెట్టి దిగు" అన్నాడు హమీద్.

"వాడు ఒడ్డుమీద ఎట్ల కూసుంటడు చాచా? నా మెడమీదనే కూసున్నడు."

తెప్ప కట్టిన చోటే ఆరు రోజులు వెతికింది. ఒక బూటు, ఒక చిల్లుబకెట్ దొరికాయి. వద్దంటాడని తండ్రికి ఇన్నాళ్ళు చెప్పనేలేదు. ఏడో రోజు అన్నం ముందు కూర్చుని కక్కేసింది.

ఎల్లేశం వద్దనలేదు. "ఆడెందుకుంటది బిడ్డా? తెప్ప కట్టింది మూడో బెంచీ కాడ. బెంచీలు వాలుగుంటయ్. దొర్లుకుంట ఐదో బెంచీ తూర్పు మూలకు పోయి ఆగుతది" అన్నాడు.

మెట్లుమెట్లుగా తవ్విన గనిలో ఒక్కో మెట్టు ఒక బెంచీ. నీళ్ళు నిండినా ఆయన కళ్ళకు ఆ గని ఇంకా పొడిగానే ఉంది. ఇంట్లో తెలిసినవాణ్ణి పెట్టుకుని బురద పిసికినందుకు రమ తల కొట్టుకుంది.

మర్నాడు తూర్పు మూలన బరువు దించింది. తాడు విడవలేదు. పదకొండో చుట్టులో చేతికి మోటర్ ఒంటిమీది ఇనుప పక్కటెముకలు తగిలాయి. మట్టి గీకి, టార్చి ముక్కుకు ఆనించుకుని నంబరు చదివింది. మాస్కులో ఏడవకూడదు. ఏడ్చింది. పెద్ద సంచి కట్టి గాలి నింపితే మోటర్ మెల్లగా పైకి లేచింది.

ఆ రోజే ఆఫీసుకు పోవచ్చు. పోలేదు. పదకొండు రోజులు హమీద్ ఇంటి వెనక టార్పాలిన్ పట్టా కప్పి దాచింది. పగకు కూడా ముహూర్తం చూసుకోవాలి.

సదానందం రిటైరయ్యే రోజు, కంపెనీ ఆఫీసు గేటు ముందు షామియానా. శాలువా, మెడనిండా దండలు, మైకులో సదానందం నిజాయితీ గురించి ఉపన్యాసాలు. ఆ మధ్యలోకి దళం జీపు ట్రాలీని లాక్కొచ్చింది. తండ్రిని వెంటబెట్టుకుని జీపు దిగిన రమ పట్టా లాగేసింది.

"ఐదో బెంచీల దొరికింది. మా బాపు అమ్ముకున్న మోటర్ ఇదే" అంది.

పాత ఫిట్టర్ రాయమల్లు వంగి నంబరు చదివాడు. "మనదే" అన్నాడు.

సదానందం గట్టి పిండం. వేదిక దిగొచ్చి తన దండే ఒకటి తీసి ఎల్లేశం మెడలో వేశాడు. "మనసుల పెట్టుకోకు ఎల్లన్నా" అన్నాడు. అలవాటు కొద్దీ ఎల్లేశం చేతులు జోడించబోయాడు.

రమ ఆ రెండు చేతులూ పట్టుకుంది. "చేతులు దించు బాపూ." దండ తీసి మోటర్ మీద పడేసి, మైకు తెచ్చి సదానందం నోటి ముందు పెట్టింది.

"రాసిచ్చిన అబద్ధం ఎవలదో చెప్పుండ్రి."

జనం కదల్లేదు. సదానందం తల వంచి గొణిగాడు, "తప్పు నాదే."

"వినబడ్తలేదు సార్" అంది రమ. "ఇంకోసారి."