జతలో రెండోది

"పాత బల్లలు, పాత కుర్చీలు కొంటాం!" అని అరుస్తూ తై సరస్సు గట్టు మీద పెయ్‌గెన్ మూడు చక్రాల బండి తొక్కుతున్నాడు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. భుజాలు వంగిపోయాయి. ఏ గడప తొక్కినా అతను చెప్పే మాట ఒకటే: "పురుగు పట్టిందమ్మా, పొయ్యిలోకి తప్ప పనికిరాదు."

ఇవాళ ఆ అరుపు మొక్కుబడికే. వెళ్ళవలసిన ఇల్లు ముందే తెలుసు. సూజౌ పట్నంలో పాత సామాన్ల వ్యాపారి క్వాంగ్ నిన్న వెంటపడ్డాడు.

"కిందటేడు నువ్వు తెచ్చిన ఆ ఖరీదైన హువాంగ్‌హువాలీ కర్ర కుర్చీ లేదూ, దాన్ని కొన్న హాంకాంగ్ ఆసామి పిల్లిని నిమిరినట్టు నిమురుతున్నాడట. ఆ కర్రలో నీటి అలల్లాంటి గీతలు చూస్తూ అన్నం కూడా మర్చిపోతున్నాడట. ఇప్పుడు దాని జత కావాలంటాడు. జత దొరికేదాకా అలాంటివాళ్ళకి నిద్ర పట్టదురా! పో, పట్టుకురా."

ఆ ఇల్లు యే అనే కుటుంబానిది. ఇంటి ముసలమ్మ అతన్ని చూడగానే లోపలికి పిలిచి, అక్కడి అలవాటు ప్రకారం టీలో పొగబెట్టిన చిక్కుడు గింజలు వేసి ఇచ్చింది. హాల్లో జతలో రెండో కుర్చీ గోడవారగా ఉంది. కిందటేడు మొదటిదానికి బదులుగా పెయ్‌గెన్ ఇచ్చిన ఇనప మడతకుర్చీ తలుపు వెనక మడిచిపెట్టి ఉంది.

"పెదనాన్న కనబడడేం, పెద్దమ్మా?"

"పోయాడుగా, మంచు కురిసిన రోజుల్లో." ఆమె గింజలు నములుతూనే చెప్పింది. "నీ ఇనప కుర్చీలో ఆయనకి నడుం నిలవలేదు నాయనా. నా కుర్చీ ఏదే, నా కుర్చీ ఏదే అని చివరిదాకా ఒకటే గోల. పురుగు పట్టింది, పొయ్యిలోకి తప్ప పనికిరాదని నీ మాటే చెప్పా. 'పుట్టి బుద్ధెరిగిన కాణ్ణుంచీ కూర్చున్నా, పురుగు పడితే నాకు తెలీదా' అని అలిగి మూతి ముడుచుకున్నాడు. చాదస్తం మానమని కసిరా."

ఆమె గోడవారనున్న కుర్చీ వైపు చెయ్యి చూపింది.

"ఇదీ పట్టుకుపో. ఇది కూడా పురుగేగా? నువ్వొద్దంటే పగలగొట్టి పొయ్యిలో పెడతా. చలి మొదలైంది."

"అవును పెద్దమ్మా, ఇదీ పురు..." నాలుక అలవాటుకొద్దీ దానంతటదే కదిలింది. అతని చెవులు కాలిపోయాయి. టీ గిన్నె కింద పెట్టేశాడు.

"కాల్చకు. నాక్కూడా అమ్మకు. ఇది చాలా మంచి కర్ర."

ఆమె నమలడం ఆపింది. "మరి ఆయనది?"

అతను తల వంచుకున్నాడు. "అదీ మంచిదే."

"అయితే ఆయన చెప్పిందే నిజం," అంది ముసలమ్మ మెల్లగా. "తిరిగి తెచ్చిస్తావా?"

"హాంకాంగ్ వెళ్ళిపోయింది పెద్దమ్మా. ఇక నా చేతిలో లేదు."

"అంత దూరంలో ఎవరు కూర్చుంటున్నారు దాంట్లో?"

"ఎవరూ కూర్చోరు. చూసుకుంటారు, అంతే."

ముసలమ్మ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి. ఆమె లేచి, అతని ముఖం చూడకుండా వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

పెయ్‌గెన్ ఖాళీ బండిని చేత్తో నడిపించుకుంటూ ఊరు దాటాడు. ఎక్కడా అరవలేదు.

ముసలమ్మ హాల్లో ఒంటి కుర్చీ గోడవారనే నిలబడి ఉంది. దాని పక్కన, అరిగిన ఇటుకల నేల మీద, పోయిన కుర్చీ నాలుగు కాళ్ళు ఆనిన గుంటలు.