ఇత్తడి పలకా, నీలం గళ్ల కర్చీఫూ

నేను ఒక ఇత్తడి పలకను. జానెడు పొడవు, నాలుగు వేళ్ల ఎత్తు, నిలబడటానికి రెండు పొట్టి కాళ్లు. నా ఒంటి మీద జర్మన్ భాషలో చెక్కిన మాటకు మీ తెలుగులో అర్థం చెప్పాలంటే, "ఈ బల్ల ఎప్పుడూ వచ్చేవాళ్లది, మీరు ఇంకోచోట చూసుకోండి" అని. అంటే మనుషుల్ని అనుమానించడమే నా ఉద్యోగం. తలుపు తోసుకుని ఎవరు లోపలికొచ్చినా, వీళ్ల కన్ను నా బల్ల మీద పడిందా లేదా అన్నదే నేను ముందు చూస్తాను. అరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను కనక నా మాటల్లో కాస్త పులుపు తగిలితే ఏమీ అనుకోకండి.

నన్ను పోతపోసిన కంచరి పాత తలుపుల గొళ్లేలు కరిగించి పోశాడు. మనుషుల్ని బయట ఉంచే గుణం అక్కణ్ణుంచే వచ్చి ఉంటుంది. చివరి అక్షరం కొద్దిగా వంకర. అది చెక్కేటప్పటికి అతనికి ఆకలేసిందట. మొదట ఇరవై ఏళ్లు ఒక బీరు హోటల్లో పనిచేశాను. అక్కడి మనుషుల గురించి చెప్పకపోవడమే మర్యాద. అది మూతపడ్డాక వీధి సంతలో పాత చెంచాల మధ్య పడి ఉంటే, బవేరియాలోని ఈ చిన్న ఊళ్లో బేకరీ నడిపే హెడ్విగ్ నన్ను తెచ్చి కిటికీ పక్క బల్ల మీద నిలబెట్టింది. ప్రతి శుక్రవారం ఉప్పూ వెనిగరూ వేసి తోముతుంది, మీరు చింతపండుతో తోమినట్టు.

ఆ బల్లకు నాలుగు కుర్చీలు. నలుగురు రైల్వే స్నేహితులు శనివారం పొద్దున ఎనిమిదింటికి వచ్చేవాళ్లు. పొయ్యిలోంచి అప్పుడే తీసిన గుండ్రటి రొట్టెలు, విరిస్తే పెళపెళమనేవి. వెన్న, చీజు, చెర్రీ జాము, చిన్న గిన్నెలో నిలబెట్టిన ఉడకబెట్టిన గుడ్డు, కూజాతో కాఫీ. చివర్లో తలొక ముక్క గసగసాల కేకు. రొట్టె పొడంతా నా మీదే రాలేది. కాలం గడిచి నలుగురు ముగ్గురయ్యారు, ముగ్గురు ఇద్దరయ్యారు. ఆఖరికి ఒట్మార్ ఒక్కడే మిగిలాడు. ముప్ఫై ఆరేళ్లు రైళ్లలో టిక్కెట్లు తనిఖీ చేసిన మనిషి. ఎవర్ని చూసినా టిక్కెట్ లేకుండా ఎక్కినవాణ్ణి చూసినట్టే చూస్తాడు. మా ఇద్దరికీ అందుకే అంత పొత్తు.

శనివారం పూట బయట వీధి దాకా జనం నిలబడి ఉంటే, నాలుగు కుర్చీల్లో ఒక్క ముసలాయన కూర్చోవడం చూసి కొందరు మూతి ముడిచేవాళ్లు. హెడ్విగ్ చూసీ చూడనట్టు ఊరుకునేది.

సువర్చల, మౌళి వచ్చింది అలాంటి ఒక శనివారమే. గోదావరి జిల్లా రావులపాలెం వాళ్లు. ఆమెకు ఈ ఊరి ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు ఉద్యోగం. వాళ్ల మాటలు అప్పట్లో నాకు అర్థం కాలేదు కానీ, బల్ల మీద రెండేళ్లు కూర్చుంటే ఏ భాషైనా వస్తుంది. మా బల్ల దగ్గరి మూడు కుర్చీల్లో ఒట్మార్ టోపీ, గొడుగు, పేపరు పెట్టుకున్నాడు; ఇంకెక్కడా ఒక్క కుర్చీ ఖాళీ లేదు. సువర్చల చుట్టూ చూసి, చక్కా వచ్చి ఒట్మార్ కుర్చీ వెనకాల నిలబడింది. మౌళి ఆమె పక్కన నిలబడ్డాడు. ఆయన తినడం అయ్యేదాకా అక్కడే ఉండే ఉద్దేశమన్నమాట.

మీ టిఫిన్ హోటళ్లలో అది మామూలే అని తర్వాత తెలిసింది. ఇక్కడ మాత్రం కొంప మునిగింది. ఒట్మార్ గుడ్డు చెంచాను పిడికిట్లో బిగించాడు. కాఫీ కప్పు దగ్గరకు లాక్కున్నాడు. కోటు జేబు తడుముకున్నాడు. అందరూ తినడం ఆపి చూశారు.

"ఏవండీ, ఈయన నెమ్మదిగా తింటున్నాడు. పక్క బల్ల దగ్గర నిలబడదామా?" అంది సువర్చల.

"కాఫీ అయిపోవచ్చింది, ఉండవే," అన్నాడు మౌళి.

హెడ్విగ్ వచ్చి నన్ను చూపించి సంగతి చెప్పింది. సువర్చల సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. అయినా మరుసటి శనివారం మళ్లీ వచ్చింది. తనూ అనుమానం మనిషే. గాజు పెట్టెలో ఉన్న ప్రతిదాన్నీ వేలితో చూపించి గుడ్డుందా, పంది కొవ్వుందా అని అడిగి, హెడ్విగ్ ఓపికంతా హరించాక, గుడ్డు లేకుండా చేసిన గసగసాల కేకు ఒకటి తేల్చుకుంది. తింటూ కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచినప్పుడల్లా మా బల్ల వంకే చూసింది. ఈమె ఎప్పటికైనా ఈ బల్ల కాజేస్తుందని ఆ రోజే అనుకున్నాను.

రెండేళ్లు అలాగే గడిచాయి. ఒక శనివారం ఒట్మార్ రాలేదు. మెట్ల మీద జారి తుంటి ఎముక విరిగిందని హెడ్విగ్ ఎవరితోనో చెప్పింది. వారాలు నెలయ్యాయి. నేను నాలుగు ఖాళీ కుర్చీలకు కాపలా కాస్తున్నాను. క్యూలో గొణుగుడు పెరిగింది.

"ఇంకో మూడు శనివారాలు చూస్తాను. ఆయన రాకపోతే పలక తీసేస్తాను," అంది హెడ్విగ్ కౌంటరు దగ్గర, అందరూ వినేలా. ఆ మాట నా మీదే. నాకు గుండె లేదు గానీ, ఉంటే అందులో రాయి పడేది.

ఆ మాట విన్నవాళ్లలో సువర్చల ఉంది. వెంటనే సంచి తెరిచి, నీలం గళ్ల కర్చీఫు తీసి, ఒట్మార్ కుర్చీలో పరిచింది. ఎంత ధైర్యం! ఆయన ఇంకా మంచం దిగలేదు, ఈమె అప్పుడే చోటు పట్టేస్తోంది.

"ఇదేవన్నా రావులపాలెం బస్టాండనుకున్నావేంటి, కిటికీలోంచి కర్చీఫు వెయ్యడానికి?" అన్నాడు మౌళి గొంతు తగ్గించి.

"మరేం చెయ్యమంటారు? మీరు ఊరుకోండి కాసేపు."

చిత్రమేమిటంటే ఆమె ఆ కుర్చీలో కూర్చోలేదు. తలుపు దగ్గర ఎత్తు బల్ల వద్ద నిలబడి కేకు తింది. వెళ్లేటప్పుడు కర్చీఫు మడిచి తీసుకెళ్లింది. ఆ తర్వాతి రెండు శనివారాలూ అంతే. నా అనుమానం తగ్గలేదు, ఇంకా పెరిగింది. దొంగ నిదానంగా ఉంటే మరీ భయం కదా.

మూడో శనివారం తొమ్మిదయ్యాక హెడ్విగ్ నన్ను ఎత్తి కాఫీ మిషను పక్క అరలో పెట్టింది. క్షణంలో ఒక కుటుంబం వచ్చి బల్ల ఆక్రమించింది. తల్లీ తండ్రీ కూతురూ మూడు కుర్చీల్లో కూర్చున్నారు. నాలుగో దాంట్లో కర్చీఫు ఉంది. కూతురు తన బ్యాగు అందులో పెట్టబోయి, గుడ్డను చూసి, కింద పెట్టుకుంది.

అప్పుడు బయట టాక్సీ ఆగింది. చక్రాల నడక బండి పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ ఒట్మార్ లోపలికొచ్చాడు. చిక్కిపోయాడు. బల్ల మీద నేను లేను, ముగ్గురు కొత్తవాళ్లున్నారు. ఆయన మొహం చూడలేకపోయాను. వెనక్కి తిరగబోయాడు కూడా.

సువర్చల గబగబా వచ్చి కర్చీఫు తీసి, కుర్చీ వెనక్కి జరిపింది. వచ్చీరాని జర్మన్‌లో అంది, "మీ కుర్చీ. ఉందని చెప్పాను కదా."

ఒట్మార్ కూర్చున్నాడు. తర్వాత హెడ్విగ్‌తో అన్నాడు.

"ఆసుపత్రిలో ఈ అమ్మాయే నన్ను నడిపించింది. నేను లేవనన్నాను. నడిచి ఎక్కడికి పోవాలి అన్నాను. బేకరీలో మీ కుర్చీ ఉంది, అక్కడికి అంది. రోజూ అడిగేవాణ్ణి, ఇంకా ఉందా అని. రోజూ ఉందనే చెప్పింది."

"అబద్ధం చెప్పలేక వేశానండి ఆ కర్చీఫు," అంది సువర్చల హెడ్విగ్‌తో, తప్పు చేసినదానిలా.

హెడ్విగ్ కళ్లు తుడుచుకుని నా కోసం అర వైపు వచ్చింది. "వద్దు, అక్కడే ఉండనీ," అన్నాడు ఒట్మార్. లేవబోయిన ఆ కుటుంబాన్ని కూర్చోమన్నాడు. ఆ మాటకు నేను నొచ్చుకున్నాను. ఆ సంగతి దాచి లాభం లేదు. పోతూ పోతూ ఆయన కర్చీఫు అడిగి తీసుకున్నాడు.

తర్వాతి శనివారం ఏడున్నరకే వచ్చాడు. జేబులోంచి ఉతికి ఇస్త్రీ చేసిన నీలం గళ్ల కర్చీఫు తీసి ఎదుటి కుర్చీలో పరిచాడు. దాని పక్క కుర్చీలో తన టోపీ పెట్టాడు. సువర్చల, మౌళి వచ్చేసరికి బేకరీ కిక్కిరిసి ఉంది. ఆ రెండు కుర్చీలు మాత్రం ఖాళీ. ఒట్మార్ ఆమెను పిలవలేదు, చెంచాతో చూపించాడంతే.

ఇప్పుడు నేను ఈ అరలోనే ఉంటున్నాను, కాఫీ ఆవిరికి నల్లబడుతూ. హెడ్విగ్ తోమడం మానేసింది. ఇక్కణ్ణుంచి బల్ల బాగానే కనిపిస్తుంది. గసగసాల కేకు ఇప్పుడు మూడు పళ్లేల్లో వెళుతోంది. నాకు మాత్రం ఒక అనుమానం తీరనే లేదు. ఆ గుడ్డ మీద ఒక్క అక్షరం కూడా లేదు. మరి అందరూ దాన్ని ఎలా చదివారు?