సాయంత్రం పూట ఆగిపోయే గాలిమర

నేను ఒక గాలిమరను, ఒంట్లో ఏ నలతా లేనిదాన్ని. అయినా నా నడుము అదిరిపోతోందని, నేడో రేపో కూలిపోతానని ఎవరో రోజూ సాయంత్రం కంపెనీకి కబురు పంపుతున్నారని ఆషాఢంలో ఒకనాడు నాకు తెలిసింది.

తెలిసిన తీరు చెబుతాను. ఆ పొద్దున మా మరల బాగోగులు చూసే ఇంజనీరు గంగరత్న, జీపు డ్రైవరు వన్నూరప్పను తోడు తీసుకుని నా పైకెక్కింది. నా గేరుపెట్టె మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత చెయ్యి తీసి మెల్లగా అంది.

"ఈ మర అదురుతాండాదంటన్నా. నేను పట్టించుకోలేదంట. రేపు తనిఖీ సారు వచ్చిపోయినాక నన్ను ఇంటికి పంపి, దీన్ని ఇప్పేస్తారంట."

"మా జీపు దీనికంటే ఎక్కువ అదురుతాది గదమ్మా," అన్నాడు వన్నూరప్ప. "దాన్నెవురూ ఇప్పరే."

ఆమె నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. విప్పిన గాలిమరను ఏం చేస్తారో నాకు తెలుసు. ఇనుము కరిగించుకుంటారు. రెక్కలు మాత్రం కరగవు, కాలవు, దేనికీ పనికిరావు. వాటిని రంపంతో కోసి గుంతలో పూడుస్తారు. ఇక గంగరత్న సంగతి: నిర్లక్ష్యం చేసిందన్న మచ్చ పడితే ఆమెను మరో గాలిమర ఎక్కనిచ్చేవాడు ఈ దేశంలో ఉండడు.

ఇంతకీ నేనెవరినో చెప్పనే లేదు. చెన్నై పక్కన ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. నా రెక్కలు గాజునారతో, అంటే ఫైబర్‌గ్లాసుతో పోతపోసి, రైలుపెట్టె కంటే పొడవైన లారీల మీద అనంతపురం జిల్లాకు తెచ్చారు. ఉరవకొండ దాటాక ఒక మలుపులో రెక్క తిరక్క, అడ్డంగా ఉన్న టీ కొట్టు పైకప్పు విప్పాల్సి వచ్చింది. కొట్టు యజమాని రోడ్డు మీద పడుకుని గొడవ చేశాడు. రెక్కను చూడ్డానికి నాలుగు ఊళ్ల జనం వచ్చి టీలు తాగేసరికి లేచి కూర్చుని, ఇంకో రెక్క ఎప్పుడొస్తుందని అడిగాడు.

నా మొదటి యజమాని ఒక నూలు మిల్లు ఆసామి. నా మొదలు దగ్గర నిలబడి తలెత్తి చూస్తే మెడ పట్టేసి, మళ్లీ రాలేదు. ఆయన నన్ను హైదరాబాదు కంపెనీకి అమ్మేశాడు. ఈ కొత్తవాళ్లు నన్ను ఫొటోలో చూశారు. ఆ ఫొటో కూడా నాది కాదు, పక్క మరది.

మనుషులు కంటికి కనపడని గాలికి ధర కట్టిన తీరు మాత్రం మెచ్చుకోవాలి. మా కొండ మీద రెండు వరుసలున్నాయి. మాది తూర్పు వరుస, అందులో మొదటిదాన్ని నేను, నేను ఆగితే వెనక వరుసంతా ఆగుతుంది. మాకు ప్రభుత్వంతో పదిహేనేళ్ల ఒప్పందం ఉంది. మేము పుట్టించే ప్రతి యూనిట్‌కు అయిదు రూపాయలు ఖాయం. బజారులో కరెంటు ధర అంతకంటే తక్కువ పలికితే, తగ్గినంత ప్రభుత్వం తన సంచిలోంచి తీసి ఇస్తుంది. ఎక్కువ పలికితే, పెరిగినంత కంపెనీ అదే సంచిలో వెయ్యాలి. ఆ సంచి జనానిది. అది నిండితే జనం కరెంటు బిల్లు తగ్గుతుంది, ఖాళీ అయితే పెరుగుతుంది. పడమటి వరుస కూడా మా కంపెనీదే గానీ, దానికి ఏ ఒప్పందమూ లేదు. బజారులో ఎంత వస్తే అంత, లాభమైనా నష్టమైనా కంపెనీదే.

బజారు సంగతీ వినండి. మధ్యాహ్నం దేశంలోని సోలారు పలకలన్నీ ఒక్కసారిగా కరెంటు కుమ్మరిస్తాయి, యూనిట్ రూపాయికి పడిపోతుంది. సాయంత్రం సూర్యుడు దిగగానే అందరూ దీపాలు, ఫ్యాన్లు వేస్తారు, అదే యూనిట్ పది రూపాయలకు ఎగురుతుంది. ఇంకొక్క ముక్క గుర్తుంచుకోండి. మా రెండు వరుసలకూ కలిపి కొండ దిగి సబ్‌స్టేషనుకు పోయే లైను ఒక్కటే. గాలి బలంగా ఉన్నప్పుడు రెండు వరుసలూ ఒకేసారి తిరిగితే అది మొయ్యలేదు, అప్పుడు ఒప్పందం లేని వరుసనే ఆపాలి.

ఇదంతా తెలిసీ, నెల రోజులుగా సాయంత్రం కాగానే నా బ్రేకు ఎందుకు పడుతోందో నాకు తట్టలేదంటే నవ్వుకోండి. గాలికి తిరగడం తప్ప మరో ఆలోచన లేని పుట్టుక నాది.

మర్నాడు ప్రభుత్వం పంపిన తనిఖీ అధికారి వచ్చారు. పేరు ఖుద్దూస్, మాట తక్కువ మనిషి. వెంట సైటు ఇన్‌చార్జి పురుషోత్తం ఉన్నాడు. అధికారికి గొడుగు పట్టబోయి, గాలికి అది తిరగబడితే తానే నవ్వి, కొబ్బరి బోండాలు తెప్పించాడు. చెడ్డవాడిలా కనపడడు. వానలో చిక్కుకున్న గొర్రెల కాపర్లను కంపెనీ షెడ్డులో పడుకోనిచ్చిన మనిషి.

మధ్యాహ్నమంతా నేను హాయిగా తిరిగాను. అధికారి నా మొదట్లో ఉన్న తలుపు తీసి లోపలి మీటలు చూశారు, చప్పుడు విన్నారు, ఏ లోపమూ కనపడటం లేదే అన్నారు. సాయంత్రం గాలి తీరు వేరని, పొద్దు వాలితే సుళ్లు తిరుగుతుందని, అప్పుడే అదురు మొదలవుతుందని పురుషోత్తం వివరించాడు. ఆ అదురును మొదట్లోనే సరిచేయాల్సిన ఇంజనీరు చేయలేదని, ఆమె ఎదురుగానే, బాధపడుతున్నట్టు చెప్పాడు. గంగరత్న అధికారిని ఒక్కటే అడిగింది.

"సాయంత్రం దాకా ఉండండి సార్. జబ్బు మీ కళ్ల ముందరే రానీండి."

పురుషోత్తం రోడ్డు బాగుండదని, అనంతపురంలో భోజనం చెప్పానని ఏవేవో అన్నాడు. అధికారి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని నా నీడలో కూర్చున్నారు.

పొద్దు వాలింది. గాలి లేచింది. అబ్బ, ఏం గాలి! పెన్నేరు వైపు నుంచి మట్టివాసన మోసుకుంటూ వచ్చి నా మూడు రెక్కలనూ ఒక్క ఊపు ఊపింది. అంత గాలి ఆ ఏడాదిలో నేను ఎరగను. తిరిగాను, ఈలలు వేస్తూ తిరిగాను. అవతల పడమటి వరుస కూడా తిరుగుతోంది. కొండ దిగే లైను వేడెక్కడం నాకు తెలుస్తూనే ఉంది.

అప్పుడు పురుషోత్తం జేబులోంచి ఫోను తీసి చూశాడు. ఎవరికో జవాబిస్తున్నట్టు వేలితో నొక్కి లోపల పెట్టుకున్నాడు.

నా రెక్కలు పక్కకు మళ్లాయి. బ్రేకు పడింది. నిండు గాలిలో నేను కొయ్యలా నిలబడిపోయాను, నా వెనక మా వరుసంతా ఆగింది. లోపలి తెర మీద ఎర్రదీపం వెలిగింది: అదురు ఎక్కువైంది, మర ఆగింది.

"చూశారా సార్," అన్నాడు పురుషోత్తం.

అధికారి కుర్చీలోంచి లేచి తెర చూశారు, తల పంకించారు. వన్నూరప్ప మొహం వాడిపోయింది. నా పని అయిపోయిందనుకున్నాను.

గంగరత్న మాత్రం నిదానంగా నా తలుపు దగ్గరికి నడిచింది.

"సార్, అదురు వల్ల ఆగిన మరను ఏ ఫోనుతోనూ, ఏ కంప్యూటరుతోనూ మళ్లీ తిప్పలేం. మనిషి పైకెక్కి, గేరుపెట్టె కాడ అదురుకు దానంతటదే పడే ఎర్ర మీట చేత్తో వెనక్కి లాగాల. అంతవరకు కదలదు. ఫ్యాక్టరీ వాళ్లు దాన్నట్లనే చేసినారు, తొందరపడి ఎవురూ ప్రాణాలు పోగొట్టుకోకూడదని. ఈ నెలంతా ఇది రోజూ సాయంత్రం అదురుకు ఆగిందంట, రోజూ పొద్దున తిరిగిందంట. పైకెక్కింది ఎవురో అడగండి. ఎక్కాల్సింది నేను. నిన్న ఒక్కనాడే ఎక్కినా. ఎర్ర మీట పడనే లేదు."

పురుషోత్తం, అవి పాత మరలకు రాసిన నియమాలని, ఇప్పుడు అన్నీ మారాయని అన్నాడు.

"మారింటే మంచిదే," అంది గంగరత్న. "నిజంగా అదురుకే ఆగింటే ఇది కింద నుంచి కదలదు."

నా మొదట్లో ఒక మీట ఉంది. దాన్ని తిప్పితే దూరం నుంచి వచ్చే ఆజ్ఞలేవీ నాకు వినపడవు, ఎదురుగా ఉన్న మనిషి మాటే చెల్లుతుంది. గంగరత్న దాన్ని తిప్పింది. తన సొంత తాళం దానికి వేసి, తాళంచెవి అధికారి చేతిలో పెట్టింది. పచ్చ బొత్తాం నొక్కింది.

బ్రేకు వదిలింది! రెక్కలు గాలికి ఎదురు తిరిగాయి. పైన ఎవరూ లేరు, ఎర్ర మీటను ఎవరూ లాగలేదు. నేను తిరిగాను. ఎంత ఆపుకున్నా ఆగని నవ్వులాగా తిరిగాను, నా వెనకే మా వరుసంతా తిరిగింది.

పురుషోత్తం ఫోను తీసి నొక్కాడు. మళ్లీ నొక్కాడు. నేను వినలేదు.

ఇంతలో ఆ ఫోనే మోగింది. మోగుతున్నా తియ్యకపోతే అధికారి చెయ్యి చాచారు. గాలి హోరుకు వినపడాలని స్పీకరు పెట్టారు. అవతల సబ్‌స్టేషను నుంచి ఎవరో గాభరాగా అరుస్తున్నాడు.

"పురుషోత్తం సార్, తూర్పు వరుస తిరుగుతాంది, ఆపలేదేంది? లైను నిండిపోయింది. పడమటి వరుసను కోసేస్తాండాం, మళ్లీ నన్నేమనొద్దు. యూనిట్ పది రూపాయలుంది, మీ ఇష్టం."

కొండ అవతలి కొస మీద పడమటి మరలు ఒక్కొక్కటే నెమ్మదించి ఆగిపోయాయి. అధికారి వాటిని చూశారు, నన్ను చూశారు. మధ్యాహ్నం రూపాయి, సాయంత్రం పది అని తనలో తాను అనుకున్నారు. ఇక ఎవరూ ఆయనకు ఏమీ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది.

పురుషోత్తం ఇందాకటి ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. అధికారి వైపు చూడలేదు, గంగరత్న వైపే చూశాడు. నా రెక్కల చప్పుడులోనూ అతని మాట నాకు స్పష్టంగా వినపడింది.

"నేనే ఆపినానమ్మా. పైవాళ్లు ఆపమనలేదు. పడమటి వరుస ఎక్కువ సంపాదించాలన్నారు, ఎట్లని అడగలేదు. మధ్యాహ్నం తూర్పు మరలు తిప్పి ప్రభుత్వం సంచిలోంచి తీసుకున్నా. సాయంత్రం సంచిలో వెయ్యాల్సొచ్చే యాళకు వాటిని ఆపి, ఆ లైన్లో పడమటి కరెంటు పంపించినా. ఒప్పందం రాసినోళ్లకు కనపడని సందు నాకు కనపడింది, అదే నా తెలివనుకున్నా. ఊరికే ఆపితే అడుగుతారని ఈ మరకు లేని జబ్బు పెట్టినా. జబ్బు పెడితే ఎవురో ఒకరు సరిగ్గా చూసుకోలేదని చెప్పాల గదా, నీ పేరు చెప్పినా. మరలో ఏ లోపమూ లేదని నీకు తెల్సు. నీకు తెల్సని నాకూ తెల్సు. తెలిసే చెప్పినా."