బుధవారం క్లాసు

ఖాళీ ట్రాలీని లిఫ్టులోంచి వెనక్కి లాగుతూ జైప్రకాష్ ఎడమ మోకాలి మీద బరువు పడకుండా చూసుకున్నాడు. పొద్దుటి నుంచి పద్నాలుగు మంది రోగుల్ని దాని మీద తోశాడు. యాభై ఎనిమిదేళ్ల బక్కపలచని మనిషి. నీలం యూనిఫారం భుజాల మీంచి జారిపోతున్నట్టుంటుంది. ఫిజీలో, లంబాసా దగ్గరి బడిలో ఇరవై ఆరేళ్లు పాఠాలు చెప్పాడు. సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసిన మరుసటి ఏడు భార్య ఇందిరతో సిడ్నీ వచ్చేశాడు. ఇక్కడ ఆ సర్టిఫికెట్లు ఎవరికీ అక్కర్లేకపోయాయి. మూడేళ్లుగా ఈ ఆసుపత్రిలో రోగుల్ని ఎత్తడం, దించడం, తొయ్యడం.

ఎనిమిదో మంచం దగ్గర క్లారా ఆపింది. కాకినాడ నుంచి వచ్చిన నర్సు. ఇప్పుడు విద్యార్థులకు శిక్షణ ఇస్తోంది.

“అంకుల్, ఫైవ్ మినిట్స్. ఈయన్ని టర్న్ చేద్దాం, స్టూడెంట్స్ చూస్తారు.”

మంచం చుట్టూ పన్నెండు మంది. కొందరు కాబోయే డాక్టర్లు, కొందరు నర్సులు, కొందరు ఫిజియోథెరపిస్టులు. అందరికీ కలిపి ఒకేచోట నేర్పడం ఆ ఆసుపత్రికి కొత్త. ఒకరు నాడి చూశారు, ఒకరు వీపు మీద పుండ్లు వెతికారు, ఒకరు మోచెయ్యి వంచి కొలిచారు. ఎవరి కాగితం వాళ్లు నింపుకున్నారు. పక్షవాతంతో మాట పడిపోయిన ముసలి ఆలన్ పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

“రోజంతా మూలుగుతున్నాడు, ఎందుకు?” అని క్లారా వాళ్లను అడిగింది. మూడు గుంపులూ మూడు కారణాలు చెప్పాయి.

జైప్రకాష్ మంచం చివరికి వెళ్లి, పరుపు కిందికి బిగించి దోపిన దుప్పటి లాగేశాడు. ముడుచుకుపోయిన కాలివేళ్లు మెల్లగా విచ్చుకున్నాయి.

“ముందు ఆయన్నే అడగండి. అవునంటే కళ్లు మూస్తాడు” అన్నాడు ఇంగ్లీషులో.

“బాధ కాళ్లకేనా?” అని ఒక విద్యార్థిని వంగి అడిగింది. ఆలన్ కళ్లు మూశాడు. కాగితాలు దించి అందరూ మంచానికి దగ్గరగా జరిగారు.

తర్వాత క్లారా వరండాలోకి వెంట వచ్చింది. “వచ్చే వెడ్నెస్‌డే కూడా రండి. హెల్ప్‌కి కాదు మాస్టారూ, క్లాస్ మీరే చెప్పండి. డ్యూటీ రోస్టర్‌లో రాయిస్తాను.”

మాస్టారూ అన్న పిలుపు విని మూడేళ్లు దాటింది.

“మోకాలు నొప్పమ్మా, ఎక్కువసేపు నిలబడలేను.” మోకాలు రుద్దుకుని, “ఒక కుర్చీ వేయించు” అన్నాడు.

ఆ సాయంత్రం క్వేకర్స్ హిల్‌లోని ఇంట్లో, మజ్జిగన్నం కలుపుకుంటూ ఇందిరకు చెప్పాడు.

“ఏం నేర్పుతారు వాళ్లకి?”

“దుప్పటి ఎట్లా దోపకూడదో.”

ఆమె నవ్వింది. అతను నవ్వే ఓపిక కూడా లేక, మరో గరిటె మజ్జిగ పోసుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నం భోజనం వేళ లిఫ్టు పక్కన కూర్చున్నాడు. పిలిస్తే లేవలేదు. డాక్టర్లూ నర్సులూ పరుగెత్తుకొచ్చేసరికే అంతా అయిపోయింది.

వారం తర్వాత ఇందిర అతని సామాను కోసం వచ్చింది. క్లారా లాకరు తెరిచింది. సబ్బుపెట్టె, మోకాలి పట్టీ, మార్చుకునే చొక్కా.

“అక్కడ బడికి కట్టుకెళ్లేవారు. ఇదెప్పుడు తెచ్చుకున్నారో” అంది ఇందిర, తలుపు లోపలివైపు చూస్తూ.

కొక్కేనికి ముదురెరుపు టై ఒకటి, ముడి వేసి సిద్ధంగా, వేలాడుతోంది.