కుట్టేసిన పేజీలు

చిట్టి వంతు వచ్చేసరికి ఆ నవల చేతులు మారీ మారీ దిండులా ఉబ్బిపోయింది. లైబ్రరీలో ఉన్నది ఒక్క ప్రతే. ముందు టీచరమ్మ చదివింది, తరవాత మందుల షాపు బాబాయి, ఆ తరవాత వదిన. మధ్యలో కొన్ని పేజీల్ని కలిపి అంచు వెంబడి మిషను కుట్టు వేసి ఉంది. ఇదేమిటని అడిగితే, చిరిగి ఊడిపోతుంటే కుట్టేశాననీ, అవి లేకపోయినా కథ తెలుస్తుందనీ చెప్పింది వదిన. వదిన టైలరు. ఆవిడ చేతికి దొరికితే పుస్తకమైనా జాకెట్టే అనుకుని చిట్టి నవ్వుకుంది.

తొమ్మిదో తరగతితో ఆగిపోయిన చదువు. పాపకి పాలిస్తూ, ఉయ్యాల ఊపుతూ, కూడబలుక్కుని చదివింది. అందులో ఒక తల్లి మొదటి నుంచి చివరి దాకా కొడుకుతోనే మాట్లాడుతుంది. చలిగా ఉంది, చెవులు కప్పుకో. రెండో మేజోడు ఎక్కడ పడేశావు? ఇంత ఆలస్యమైతే నేనేం కావాలి? చదువుతుంటే చిట్టికి అద్దంలో చూసుకున్నట్టే ఉంది. పాప నిద్రపోతే ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసుకునే మనిషి తను. పాప దగ్గితే తన గుండె జారిపోతుంది. ఇంటాయన అయితే, నీ భయాన్ని చూసి జబ్బులే భయపడి పారిపోతాయి అని వెక్కిరిస్తాడు. ఇన్నాళ్లకి తనలాంటిది ఇంకొకతె దొరికింది, పుస్తకంలోనైనా.

అందుకే ఆ ఆదివారం, చదివినవాళ్లంతా కూర్చుని పుస్తకం ముచ్చట్లు చెప్పుకునేటప్పుడు, తనూ మాట్లాడాలనుకుంది. అంతవరకూ ఆ గుంపులో నోరు కుట్టేసుకుని కూర్చునేది.

కలుసుకునేది వదిన షాపు వెనక గదిలోనే. కత్తిరింపు ముక్కలు ఓ మూలకి ఊడ్చి, పాపని బొంత మీద పడుకోబెట్టారు. బాబాయి ముందే లంకించుకున్నాడు. డాక్టరు చీటీ లేకుండా ఎవరికీ ఇవ్వకూడని పుస్తకమట, చదివాక ఆయనకి రెండు రోజులు అన్నం సయించలేదట. అర్థం కాక రెండుసార్లు చదివాననీ, ఆ తల్లి ఒక్కసారైనా ఏడవకపోవడమే అందులో గొప్పతనమనీ టీచరమ్మ అంది. ఆవిడ ఏడవకుండా మనల్ని ఏడిపించడం ఏం న్యాయమని బాబాయి. వదిన మాత్రం తలెత్తకుండా మిషను తొక్కుతోంది.

"ఏడుపెక్కడుంది బాబాయ్? నాకు నవ్వొచ్చింది," అంది చిట్టి. "ఆ మేజోళ్ల గోల చూడండి. వాడు పెద్దయ్యాక వాళ్లమ్మని ఎంత ఆటపట్టిస్తాడో."

మిషను ఆగింది. టీచరమ్మ కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టింది. బాబాయి వదిన వైపు చూశాడు. తెలివితక్కువగా ఏదో అనేశానని చిట్టికి చెవులు వేడెక్కాయి. అప్పుడు ఆమె చూపు ఒళ్లోని పుస్తకం మీద, ఆ కుట్టు మీద పడింది.

"వాడు లేడా?" అంది.

వదిన మిషను వదిలి ఇటు తిరిగింది.

"నీ మంచికేనే," అంది. "చంటిపిల్ల తల్లివి. ఆకు కదిలితే ఉలిక్కిపడతావు. ఆ పేజీలు చదివి నాకే చేతులాడలేదు. నువ్వు తట్టుకోలేవని..."

"మీకందరికీ తెలుసా?"

తెలుసు. కిందటి ఆదివారం తను లోపల పాపని జోకొడుతుంటే ముగ్గురూ కూడబలుక్కున్నారు. బాబాయి నసుగుతూ ఒప్పుకున్నాడు. చిట్టికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"పాపకి అన్నం పిసికి పెడతాను నేను. మీరు నాకు పుస్తకం పిసికి పెట్టారు. అదీ మెతుకులు తీసేసి."

చదువుకోవడానికి ఇంటికి తీసుకెళ్లమ్మా, నిదానంగా చూద్దువుగాని అని టీచరమ్మ సర్దబోయింది. చిట్టి వినలేదు. మిషను మీది చిన్న కత్తెర అందుకుని ఒక్కొక్క కుట్టూ తెంపింది. దారాలు ఒళ్లో రాలాయి. పేజీ విప్పి పైకే చదవసాగింది. ఒత్తుల దగ్గర తడబడింది. దిద్దబోయిన టీచరమ్మ నోరు మూసుకుంది.

బడికి వెళ్లిన పిల్లవాడు ఇంటికి రాలేదు. రోడ్డు మీద దొరికిన ఒక మేజోడు తెచ్చి ఇచ్చారు. తల్లి దాన్ని ఉతికి, ఆరేసి, అడిగింది: రెండోది ఎక్కడ పడేశావు?

చిట్టి ఆగిపోయింది. ఆ మాటకే కదా తను నవ్వింది.

"ఆవిణ్ణి చూసి నవ్వేలా చేశారు నన్ను," అంది. "భయపడతానని దాచారు. నేను రోజూ కళ్లు మూస్తే చూసేది ఇదే వదినా. ఆ మర్నాడు మనిషి ఎలా లేస్తుంది, ఏం చేస్తుంది అని ఎవరినడిగినా అపశకునం అని నోరు మూస్తారు. ఈవిడొక్కతే చెప్పింది. దాన్నీ కుట్టేశారు."

వదిన తల వంచుకుని దారాలు ఏరడం మొదలుపెట్టింది.

బొంత మీద పాప కదిలింది. వదిన లేవబోతే చిట్టి చెయ్యి అడ్డం పెట్టింది. తనే జరిగి కూర్చుని, ఒక అరచెయ్యి పాప కడుపు మీద వేసి, రెండో చేత్తో పేజీ పట్టుకుని, కుట్టు ఉన్నంత మేరా చివరిదాకా చదివింది. సూది అంచు దాటి లోపలికి పడిన చోట అక్షరాలు చిల్లులు పోయి ఉన్నాయి. అయినా తెలిశాయి.

పుస్తకం మూసి టీచరమ్మకి ఇచ్చింది.

"వచ్చే పుస్తకం ముందు నా చేతికి రావాలి," అంది. "మీలో ఎవరు ఏది తట్టుకోలేరో చూసి ఇస్తాను."